కొళాయి, ఫ్లష్ ట్యాంకు మీరే చేసుకోండి, గోడ మీద సుత్తి పడే ముందు మాత్రం ఆగండి

మీరు అడిగింది ఇదీ: ఒంగోల్లో పదేళ్ళ నాటి సొంత ఇల్లు, మీరుండేది మొదటి అంతస్తు, మిద్దె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, వాడేది బోరు నీళ్ళు. వంటింటి కొళాయి ఎంత బిగించినా చుక్కలు పడుతోంది. ఫ్లష్ ట్యాంకులోంచి కమోడ్‌లోకి నీళ్ళు సన్నగా జారుతూనే ఉన్నాయి. బాత్‌రూమ్ వెనకున్న బెడ్‌రూమ్ గోడకి మోకాలెత్తు దాకా చెమ్మ దిగింది. ప్లంబరు కొళాయికీ ఫ్లష్‌కీ కలిపి 800, గోడ పగలగొట్టి పైపు మార్చి టైల్స్ వేయించడానికి 5,500 అడిగారు, సామాను మీదే. ఇంత ఇవ్వాలా, మనమే చేసుకోగలమా అన్నారు.

ముందు రేటు సంగతి. ఒంగోలు, నెల్లూరు టౌన్లలో ప్లంబరు రోజు కూలి అటూఇటూగా 1,000 నుంచి 1,200, హెల్పరుది 700 నుంచి 800 నడుస్తోంది. కనిగిరి, ఆత్మకూరు లాంటి ఊళ్ళలో కాస్త తగ్గుతుంది. చిన్న పనికి వచ్చిపోతే 300 నుంచి 500 తీసుకుంటారు. ఆ లెక్కన రెండు చిన్న పనులకి 800 మామూలు రేటే. గోడ పనిలో ప్లంబరు, హెల్పరు ఒక రోజు, టైల్స్ మేస్త్రి, ఆయన మనిషి మరో రోజు ఉంటారు. పగిలిన పెంకులు, మట్టి కిందికి దించి పారబోయడం కూడా ఉంది. 5,500కి గుత్త మాట్లాడటం అన్యాయం కాదు, బేరమాడితే ఓ ఐదొందలు తగ్గొచ్చు.

కానీ ఆ గోడలో పైపే కారుతోందని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. చెమ్మ చూసి పైపు అనుకున్నారు, అంతే. ఇలాంటి చోట నీళ్ళు టైల్స్ సందుల్లోంచో నహానీ ట్రాప్ (బాత్‌రూమ్ నేల మీది నీళ్ళు బయటికి పోయే రంధ్రం, దాని కింది గిన్నె) పక్కనుంచో దిగుతున్న ఇళ్ళు చాలా ఉంటాయి. అప్పుడు గోడ పగలగొట్టి కొత్త పైపు వేసినా రెండు నెలలకి చెమ్మ మళ్ళీ వస్తుంది, డబ్బూ పోతుంది, పదేళ్ళ నాటి టైల్‌కి జత టైల్ దొరకదు. మీ డబ్బు నిజంగా మిగిలేది ఇక్కడే. తప్పు ఎక్కడుందో కనిపెట్టే పని మీరు చేయండి, దానికి పైసా ఖర్చు లేదు. సామాను కూడా మీరే కొనండి. పని మాత్రం గోడ బయట ఉన్నదైతే మీరు, గోడ లోపలిదైతే ప్లంబరు.

వరస కూడా ముఖ్యం. కొళాయి, ఫ్లష్ ముందు బాగు చేసుకుంటేనే గోడ సంగతి పరీక్షించగలరు. ఇంట్లో ఇంకో రెండు చోట్ల నీళ్ళు కారుతుంటే ట్యాంకు మట్టం తగ్గడం చూసి ఏమీ చెప్పలేం.

పనిముట్లు: 10 అంగుళాల స్క్రూ స్పానర్, ఒక వాటర్ పంప్ ప్లయర్, స్టార్, ఫ్లాట్ స్క్రూడ్రైవర్లు, పాత టూత్‌బ్రష్, టెఫ్లాన్ టేపు రెండు చుట్టలు, టార్చి. ఇంట్లో ఏమీ లేకపోతే 1,000 నుంచి 1,500 దాకా అవుతుంది. అంటే ఈ మొదటిసారి మీకు మిగిలేది ఏమీ ఉండదు, 800 కూలి కంటే కాస్త ఎక్కువే అవుతుంది, ఇది ముందే తెలుసుకోండి. రెండోసారి నుంచి లాభం. ఇంట్లో నాలుగైదు కొళాయిలు, రెండు ఫ్లష్ ట్యాంకులు ఉంటే, బోరు నీళ్ళు వాడుతుంటే, ఏడాదికి రెండు మూడుసార్లు ఈ పనిముట్లు బయటికి తీయాల్సే వస్తుంది. అద్దె ఇంట్లో ఉండి ఒక్క కొళాయి కోసమైతే కొనక్కర్లేదు, పిలిచి చేయించుకోవడమే చవక.

పనిలోకి దిగే ముందు నీళ్ళు కట్టేయగలరో లేదో చూసుకోవాలి. మిద్దె మీదికెళ్ళి ట్యాంకు నుంచి కిందికి దిగే లైనులో వాల్వ్ చూడండి. చక్రం తిప్పే గేట్ వాల్వ్ అయితే ఏళ్ళ తరబడి తిప్పక ఉప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. ప్లయర్ పెట్టి బలవంతంగా తిప్పితే లోపలి కడ్డీ విరుగుతుంది. విరిగితే వాల్వ్ లోపల నీళ్ళని ఆపే తలుపు సగంలో ఇరుక్కుంటుంది, ఇల్లంతా నీళ్ళు రాకుండా పోతాయి, లేదా ఎంతకీ ఆగవు. చేత్తో తిరిగితేనే తిప్పండి. తిరగకపోతే ట్యాంకు అడుగంటే దాకా వాడేసి, ఆ వాల్వ్ తీయించి బాల్ వాల్వ్ (పిడి పావు చుట్టు తిప్పితే కట్టుకునే రకం) పెట్టించండి. ఇది ప్లంబరు చేత చేయించాల్సిన పని, వాల్వ్ 300 నుంచి 800 లోపు, కూలి 400 నుంచి 500. ఇంట్లో పెట్టే అన్ని ఖర్చుల్లోకీ నేను ముందు పెట్టమనేది ఇదే. వీలైతే బాత్‌రూమ్‌కి ఒకటి, వంటింటికి ఒకటి విడిగా పెట్టించండి. ఆ తర్వాత ఏ రిపేరుకైనా ఇల్లంతా నీళ్ళు ఆపక్కర్లేదు, రాత్రి పది గంటలకి ఏదైనా పగిలినా తెల్లారే దాకా ఆగొచ్చు. పెట్టించాక రెండు నెలలకోసారి ఒకసారి కట్టి తిప్పండి, లేకపోతే ఇదీ బిగుసుకుంటుంది.

పని పొద్దున్నే మొదలుపెట్టండి. ఆదివారం చాలా హార్డ్‌వేర్ షాపులు మూసి ఉంటాయి. విప్పిన కొళాయి చేతిలో పట్టుకుని వాషరు కోసం ఊరంతా తిరగాల్సి వస్తుంది.

ఇక కొళాయి. రెండు రకాలుంటాయి. మూడు నాలుగు చుట్లు తిప్పితే కట్టుకునేది పాత రకం, అందులో రబ్బరు వాషరు అరుగుతుంది. పావు చుట్టుకే తెరుచుకునేది సిరామిక్ స్పిండిల్ రకం (స్పిండిల్ అంటే హ్యాండిల్ కింద లోపల తిరిగే భాగం), అందులో రెండు సిరామిక్ బిళ్ళల మధ్య ఇసుక రేణువో ఉప్పు గారో చేరితే గీతలు పడి కారుతుంది. ఈ రెండో రకాన్ని బలంగా బిగించి ప్రయోజనం లేదు, బిళ్ళలు ఇంకా పాడవుతాయి.

వాల్వ్ కట్టి, అదే లైనులో కింద ఉన్న కొళాయి ఏదైనా తెరిచి పైపులో నీళ్ళు వంపేయండి. సింకు రంధ్రంలో గుడ్డ కుక్కండి, స్క్రూలు అందులో పడితే దొరకవు. హ్యాండిల్ మీదున్న బిళ్ళను ఫ్లాట్ స్క్రూడ్రైవర్‌తో లేపి, లోపలి స్క్రూ విప్పి హ్యాండిల్ లాగండి. ఉప్పు పట్టి రాకపోతే సుత్తితో కొట్టకండి. నిమ్మ ఉప్పు రెండు చెంచాలు గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో కలిపి గుడ్డ తడిపి చుట్టి అరగంట ఉంచితే వదులవుతుంది. బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, క్రోమ్ పూత ఒక్క పూటలో నల్లబడుతుంది.

తర్వాత లోపలి స్పిండిల్‌ని స్పానర్‌తో విప్పాలి. ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే. ఒక చేత్తో స్పానర్ తిప్పుతుంటే రెండో చెయ్యి ఖాళీగా ఉంచకూడదు. కొళాయి ఒళ్ళంతా గుడ్డ చుట్టి ప్లయర్‌తో కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే స్పిండిల్ బదులు మొత్తం కొళాయే తిరుగుతుంది, దాంతోపాటు గోడలో ఉన్న ఇత్తడి మర ఎల్బో (కొళాయి బిగించే ప్లాస్టిక్ వంపు ముక్క) తిరిగి ప్లాస్టిక్ దగ్గర చిట్లుతుంది. ఆ చిట్లు వెంటనే కనపడదు, వారం తర్వాత గోడ తడుస్తుంది. నూట ఇరవై రూపాయల పని ఐదు వేల పని అయ్యేది ఇలాగే.

బయటికొచ్చిన స్పిండిల్‌ని షాపుకి పట్టుకెళ్ళండి. ఫోటో సరిపోదు. పొడవు, హ్యాండిల్ కూర్చునే పళ్ళ సంఖ్య, ఏ వైపు తిరిగితే కట్టుకుంటుంది అన్న మూడూ కలవాలి. మామూలు స్పిండిల్ 60 నుంచి 150, పేరున్న కంపెనీదైతే 200 పైన. పాత రకం వాషరైతే ఐదు పది రూపాయలు. కొత్తది పెట్టే ముందు మిద్దె మీద వాల్వ్ ఒక్క క్షణం తెరిపించి, స్పిండిల్ తీసిన రంధ్రంలోంచి నీళ్ళు చిమ్మనివ్వండి. పైపులో ఉన్న ఇసుక, ఉప్పు పెచ్చులు పోతాయి. ఇది చేయకపోతే కొత్త స్పిండిల్ కూడా మొదటి రోజే గీతలు పడుతుంది. రబ్బరు రింగులకి వంటనూనె, కొబ్బరినూనె రాయకండి, రబ్బరు ఉబ్బుతుంది. కొంచెం సిలికాన్ గ్రీజు చాలు, లేకపోతే నీళ్ళతో తడపండి. చేత్తో బిగించి, స్పానర్‌తో పావు చుట్టు తిప్పి ఆపండి.

నోటి దగ్గర ఫోమ్ ఫ్లో జాలీ ఉంటే అదీ విప్పి నిమ్మ ఉప్పు నీళ్ళలో వేసి బ్రష్‌తో రుద్దండి. మన బోరు నీళ్ళకి మూడు నెలలకోసారి ఇది చేయాలి. నీళ్ళ ధార తగ్గింది, పైపులో ఏదో అడ్డుపడింది అని పిలిపించే కేసుల్లో చాలావాటికి కారణం ఈ జాలీయే.

మొత్తం కొళాయే మార్చాల్సి వస్తే టెఫ్లాన్ టేపు చుట్టడంలో రెండు విషయాలు. మర మీ వైపు తిప్పి పట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కున చుట్టండి, ఎదురు చుట్టితే బిగించేటప్పుడు ఊడొస్తుంది. పల్చటి టేపైతే పది పన్నెండు చుట్లు చాలు. బిగించాక కొళాయి మూతి పక్కకి ఉంటే, నిటారుగా రావడానికి వెనక్కి తిప్పకండి. వెనక్కి తిప్పిన టేపు ఇక నీళ్ళు ఆపదు. పూర్తిగా విప్పి, మరో రెండు మూడు చుట్లు ఎక్కువ వేసి మళ్ళీ బిగించండి.

ఉప్పు నీళ్ళ ఊళ్ళ గురించి ఒక మాట. కొత్తపట్నం, సింగరాయకొండ, ఇందుకూరుపేట, కోట లాంటి తీరం ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే 200, 250కి వచ్చే మెరుపు కొళాయిలు కొనకండి. పూత కింద చవక లోహం ఏడాది రెండేళ్ళకే తినేస్తుంది. ఇస్తే బరువున్న ఇత్తడి కొళాయికి డబ్బివ్వండి, లేదా పీటీఎంటీ ప్లాస్టిక్ కొళాయి పెట్టండి. చూడటానికి అంత అందంగా ఉండదు, కానీ ఉప్పు దాన్ని ఏమీ చేయలేదు. పెరట్లో, మిద్దె మీద నా ఓటు దానికే.

ఫ్లష్ ట్యాంకు ఇంకా తేలిక. మూత తీసి చూడండి. మధ్యలో నిలువుగా ఓవర్‌ఫ్లో గొట్టం ఉంటుంది. నీళ్ళు దాని అంచు దాటి లోపలికి పడుతుంటే తప్పు నీళ్ళు నింపే ఫ్లోట్ వాల్వ్‌ది. నీటి మట్టం అంచుకి ఒక అంగుళం కిందే ఆగి, అయినా కమోడ్‌లోకి కారుతుంటే తప్పు అడుగున ఉన్న రబ్బరు సీలుది. అనుమానంగా ఉంటే ట్యాంకులో బట్టల నీలిమందు నాలుగైదు చుక్కలు వేసి, అరగంట ఫ్లష్ చేయకుండా ఉంచండి. కమోడ్‌లో నీలం దిగితే సీలే.

ఫ్లోట్ అయితే ముందు దాని ఎత్తు సర్దే స్క్రూ తిప్పి మట్టం తగ్గించి చూడండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది. అయినా నీళ్ళు ఆగకపోతే వాల్వ్ లోపల చిన్న జాలీలో ఉప్పు పేరుకుని ఉంటుంది, కడగండి. మార్చాల్సి వస్తే 150 నుంచి 350. సీలు అయితే యాంగిల్ కాక్ (ట్యాంకుకి నీళ్ళిచ్చే గోడ మీది చిన్న వాల్వ్) కట్టి, ఫ్లష్ చేసి ఖాళీ చేసి, లోపలి సెట్టుని కొంచెం తిప్పి పైకి లాగితే చాలా మోడళ్ళలో ఊడొస్తుంది. సీలు కూర్చునే అంచు మీద వేలు పెట్టి చూడండి, గరుకుగా ఉప్పు గార తగులుతుంది. దాన్ని నిమ్మ ఉప్పు నీళ్ళతో మెత్తటి గుడ్డ పెట్టి తుడవండి, గరుకు కాగితంతో రుద్దితే గీతలు పడి ఎప్పటికీ కారుతుంది. సీలు 50 నుంచి 150. పాతది పట్టుకెళ్ళి సైజు పోల్చి తెచ్చుకోండి.

ట్యాంకుకి వచ్చే కనెక్షన్ పైపు కూడా చూడండి. నట్టు దగ్గర పచ్చగా తుప్పు పట్టినా, పైన అల్లిక తీగలు తెగినా వెంటనే మార్చండి, 100 నుంచి 250 అవుతుంది. ఇల్లు తాళం వేసి ఊరెళ్ళినప్పుడు ఇది తెగితే మిద్దె మీది ట్యాంకు మొత్తం ఇంట్లోకే వస్తుంది. ఇందులో రబ్బరు వాషరు ఉంటుంది కాబట్టి టెఫ్లాన్ అక్కర్లేదు. చేత్తో బిగించి పావు చుట్టు చాలు, ఎక్కువ బిగిస్తే వాషరు తెగుతుంది.

మీ ట్యాంకు కమోడ్ మీదే కూర్చున్న రకమై, ఆ రెంటి మధ్య నుంచి కారుతుంటే అది వదిలేయండి. ఆ బోల్టులు ఒక వైపు ఎక్కువ బిగిస్తే పింగాణీ పగులుతుంది, 200 మిగిల్చబోయి మొత్తం సెట్టు కొనాల్సి వస్తుంది. గోడలో దాచిన కన్సీల్డ్ ట్యాంకైతే ఆ కంపెనీ సర్వీసు మనిషినే పిలవండి, విడిభాగాలు ఒకదానివి ఇంకోదానికి పట్టవు.

ఈ రెండూ అయ్యాక ఒక రోజు ఆగి, ఎక్కడా చుక్క పడటం లేదని చూసుకుని, అసలు విషయంలోకి రండి. గోడ.

మీది మొదటి అంతస్తు కాబట్టి నేల నుంచి ఎక్కే చెమ్మ కాదు. కింది ఇంట్లో ఉండేవాళ్ళకి, ముఖ్యంగా చవుడు నేలల్లో, పునాది నుంచి చెమ్మ గోడ పట్టుకుని రెండు మూడడుగులు ఎక్కుతుంది. తెల్లగా ఉప్పు పొంగి పెచ్చులూడుతుంది. దాన్ని పైపు కారుడు అనుకుని గోడలు తవ్విన ఇళ్ళున్నాయి. మీకు మిగిలిన దారులు మూడు: గోడలో నీళ్ళ పైపు, టైల్స్ సందులు, నహానీ ట్రాప్ లేదా డ్రైనేజీ పైపు. మూడూ ఒకేలా తడుపుతాయి, కానీ తడిపే వేళలు వేరు. నీళ్ళ పైపు రాత్రీ పగలూ కారుతుంది. మిగతా రెండూ స్నానం చేసినప్పుడే కారుతాయి.

ముందు బెడ్‌రూమ్ వైపు తడి అంచు వెంబడి పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. కంటితో చూసి పెరిగిందో తగ్గిందో చెప్పలేం.

మొదటి పరీక్ష రాత్రిపూట. పడుకునే ముందు మోటారు ఆపి, మునిసిపల్ నీళ్ళు ట్యాంకులోకి వచ్చే దారి ఉంటే అదీ కట్టి, ట్యాంకులో కర్ర దించి తడి గుర్తు దగ్గర గీత పెట్టండి. రాత్రికి బకెట్లో నీళ్ళు పెట్టుకుని కొళాయి ఏదీ ముట్టకండి. తెల్లవారి మళ్ళీ కొలవండి. గుండ్రటి వెయ్యి లీటర్ల ట్యాంకులో ఒక సెంటీమీటరు తగ్గితే సుమారు 8 నుంచి 10 లీటర్లు. స్పష్టంగా తగ్గితే లైనులో ఎక్కడో కారుడు ఉన్నట్టే. తగ్గకపోతే లేదని మాత్రం అనుకోకండి. మీ ట్యాంకు నుంచి ఆ గోడకి ఎత్తు తేడా నాలుగైదు మీటర్లే, అంటే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి అర కిలో లోపు. సన్నటి చిట్లైతే రాత్రికి లీటరు కూడా కారకపోవచ్చు, కర్ర గుర్తులో అది దొరకదు.

అందుకే రెండో పరీక్ష, దీనికి ఓపిక కావాలి. వారం పది రోజులు ఆ బాత్‌రూమ్‌కి వెళ్ళే నీళ్ళ లైను పూర్తిగా కట్టేయండి. స్నానం మాత్రం అక్కడే, వంటింటి నుంచి బకెట్లతో నీళ్ళు తెచ్చుకుని చేయండి. ప్లాస్టరు ఆరడానికి టైము పడుతుంది, రెండు రోజుల్లో తేల్చకండి. తడి అంచు గీత లోపలికి తగ్గుతూ వస్తే తప్పు చాలామటుకు నీళ్ళ పైపుదే. అలాగే ఉన్నా, పెరిగినా పైపుకి సంబంధం లేదు, నీళ్ళు నేల నుంచో టైల్స్ నుంచో దిగుతున్నాయి. బాత్‌రూమ్‌కి విడి వాల్వ్ ఉండటం ఎంత ఉపయోగమో ఇక్కడ తెలుస్తుంది. ఇంట్లో రెండో బాత్‌రూమ్ ఉంటే తిరగేసి కూడా చేయొచ్చు: లైను తెరిచే ఉంచి, ఈ బాత్‌రూమ్ వాడకుండా వదిలేయండి. అప్పుడు ఆరితే పైపు తప్పు కాదు.

పైపే అని తేలితే ఇంకో అడుగు. గీజరుకి నీళ్ళు వెళ్ళే యాంగిల్ కాక్ ఒక్కటే కట్టి, మిగతా లైను తెరిచి మళ్ళీ వారం చూడండి. అప్పుడు ఆరితే కారుతున్నది వేడి నీళ్ళ లైను. పాత ఇళ్ళలో ఇదే ఎక్కువ, ఎందుకంటే సీపీవీసీ పైపుకి (వేడినీళ్ళకి తట్టుకునే ప్లాస్టిక్ పైపు) మామూలు పీవీసీ సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) రాసి అతికించిన జాయింట్లు చన్నీళ్ళకి ఏళ్ళ తరబడి ఓర్చుకుని వేడికి వదిలేస్తాయి. ఈ ఒక్క విషయం తేల్చి చెబితే ప్లంబరు సగం గోడే తెరుస్తారు.

నేల అనుమానమైతే మూడో పరీక్ష. ప్లాస్టిక్ కవరులో గుడ్డ చుట్టి నహానీ ట్రాప్ రంధ్రంలో గట్టిగా కుక్కి, నేల మీద అంగుళం ఎత్తు నీళ్ళు నిలిపి, పూటంతా వదిలేయండి. గుమ్మం ఎత్తు దాటనివ్వకండి. మట్టం తగ్గుతూ గోడో కింది ఇంటి కప్పో తడిస్తే నేల టైల్స్ సందులు లేదా ట్రాప్ చుట్టూ ఉన్న అతుకు. మట్టం నిలిచి, గుడ్డ తీసి నీళ్ళు వదిలాక తడిస్తే డ్రైనేజీ పైపు. రెండూ కాక షవరు కింద నిలబడి గోడ మీద నీళ్ళు పడ్డప్పుడే తడిస్తే గోడ టైల్స్ సందులు.

టైల్స్ సందులైతే అది పూర్తిగా మీ పని, గోడ పగలగొట్టే మాటే లేదు. పాత హాక్సా బ్లేడు ముక్కతో సందుల్లో ఉన్న వైట్ సిమెంటు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు గీకేయండి. బ్రష్‌తో దుమ్ము తీసి, రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద పెడితే ఏ గ్రౌటూ (సందులు నింపే ముద్ద) పట్టదు. తర్వాత ఎపాక్సీ గ్రౌటు. డబ్బాలో రెండు మూడు భాగాలుంటాయి, దాని మీద రాసిన కొలతలోనే, ఒకసారికి చాలినంతే కలపండి, అరగంట ముప్పావుగంటలో గట్టిపడుతుంది. టైల్ మీద అంటిన దాన్ని వెంటనే తడి స్పాంజితో తుడవండి, మర్నాడు పోదు. గోడ, నేల కలిసే మూలల్లో గ్రౌటు కాకుండా సిలికాన్ సీలెంట్ వేయండి, అక్కడ కదలిక ఉంటుంది కాబట్టి గ్రౌటు పగులుతుంది. ట్రాప్ జాలీ చట్రం చుట్టూ కూడా అదే. ఒక రోజు నీళ్ళు తగలకూడదు. మామూలు బాత్‌రూమ్‌కి సామాను మొత్తం 1,000 నుంచి 1,500 లోపు. మళ్ళీ వైట్ సిమెంటే పూయించకండి, ఆరునెలల్లో వెంట్రుకంత సందులు పడతాయి.

నిజంగా పైపే అయితే 5,500 ఇచ్చి గోడ తెరిపించడం ఒక దారి. ఇంకో దారి ఉంది, దాన్ని ప్లంబర్లు తమంతట తాము చెప్పరు, అడిగితే చేస్తారు. గోడలో ఉన్న పాత లైనుకి ఎండ్ క్యాప్ (పైపు చివర మూసే మూత) వేసి వదిలేసి, గోడ మీదుగా కొత్త సీపీవీసీ లైను క్లాంపులతో వేయించడం. ముప్పావు అంగుళం పైపుకి మూడడుగులకో క్లాంపు. టైల్ పగలదు, మేస్త్రి అక్కర్లేదు, కూలి ఒక రోజులో అయిపోతుంది. సామానుతో కలిపినా ఆ 5,500 కంటే బాగా తక్కువలో తేలుతుంది. పైపు బయటికి కనిపిస్తుందని చాలామందికి ఇష్టం ఉండదు. నా మటుకు పదేళ్ళు దాటిన ఇంట్లో ఇదే మంచిది, రేపు ఏ జాయింటు కారినా కళ్ళకి కనిపిస్తుంది. మిద్దె మీద ఎండ తగిలే భాగానికి మాత్రం నీళ్ళతో కలిపే రంగు వేయించండి, ఆయిల్ పెయింటు సీపీవీసీకి పడదు.

ప్లంబరు చేసినా పక్కన నిలబడి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. సొల్యూషన్ డబ్బా మీద సీపీవీసీ అని ఉండాలి, జెల్లీలా గడ్డకట్టి ఉంటే కొత్తది తెప్పించండి. పైపు అడ్డదిడ్డంగా కాకుండా నిటారుగా కోసి, అంచు పొట్టు గీకి, పైపుకి నిండుగా, ఫిట్టింగు లోపల పల్చగా రాసి, పావు చుట్టు తిప్పుతూ తోసి పది పదిహేను సెకన్లు పట్టుకోవాలి. లోపల మందంగా పూస్తే అది ముద్దగా చేరి పైపుని మెత్తబరుస్తుంది. అతికించిన అరగంటకే నీళ్ళు వదలనివ్వకండి. డబ్బా మీద రాసినంత సేపు ఆగాలి, వీలుంటే రాత్రంతా. ఇత్తడి మర ఉన్న ఎల్బోలో టెస్టు కోసం ఇనప ప్లగ్గు బిగించేటప్పుడు పెద్ద రెంచితో బిగిస్తే అక్కడే చిట్లుతుంది, పదేళ్ళ తర్వాత గోడ తడిసే కారణాల్లో ఇదొకటి.

సామాను మీరే కొంటే బిల్లు మీ చేతికొస్తుంది, ఏ రకం పడిందో తెలుస్తుంది. అయితే కావాల్సిన చిట్టీ ప్లంబరు చేత రాయించుకునే వెళ్ళండి. టీ, ఎల్బో సైజు తేడా వస్తే ఆయన రోజంతా ఖాళీగా కూర్చున్నా కూలి పడుతుంది. ఎక్కువ తెచ్చి మిగిలినవి వాపసు ఇస్తానని షాపులో ముందే చెప్పండి, చాలామంది తీసుకుంటారు.

మీరు ముట్టకూడనివి కూడా చెప్పాలి. గీజరు లోపలి కాయిల్, దాని సేఫ్టీ వాల్వ్ ముట్టకండి, అవి నీళ్ళు, కరెంటు కలిసే చోటు. బోరులోని మోటారు అంతే. సెప్టిక్ ట్యాంకులోకి మీరు దిగకండి, కూలికి ఎవర్నీ దింపకండి, లోపలి గాలికే ప్రాణాలు పోతాయి, 2013 చట్టం ప్రకారం అది నేరం కూడా. సింకు పూడుకుంటే దాని కింద ఉండే సీసా లాంటి బాటిల్ ట్రాప్ చేత్తో విప్పి కడగడమే పద్ధతి. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిపి పోస్తే విష వాయువు వస్తుంది, తలుపు మూసిన బాత్‌రూమ్‌లో అది ప్రాణాంతకం.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ చాలామంది పొరబడతారు. కొళాయిల మీద తెల్లగా పట్టే గార ఫ్లోరైడు కాదు, నీటి కాఠిన్యం వల్ల వచ్చే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఫ్లోరైడు కంటికి కనిపించదు, కాచినా పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్ళు తాగేవాళ్ళు పైపుల సంగతి పక్కనబెట్టి ముందు నీళ్ళ పరీక్ష చేయించుకోవాలి.

చివరికి గోడ తెరిపించాల్సే వస్తే డబ్బు ఒకేసారి ఇవ్వకండి. కొత్త లైను వేశాక, టైల్స్ మూయకముందు చేతి పంపుతో ప్రెషర్ టెస్టు పెట్టమనండి. 6 నుంచి 10 కిలోల దాకా ఎక్కించి గంటసేపు ముల్లు కదలకుండా నిలవాలి. ఆ పంపు తన దగ్గర లేదంటే అద్దెకి తెచ్చుకోమనండి, ఆ అద్దె మీరే భరించండి. అప్పుడే పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో టేపు పెట్టి, నేల నుంచి, మూల నుంచి ఎంత దూరమో కనపడేలా ఫోటోలు తీసుకోండి. రేపు గోడకి మేకు కొట్టాలన్నా పనికొస్తాయి. టెస్టు నిలిచాక మూడొంతుల్లో రెండొంతులు, టైల్స్ మూసి వారం రోజులు వాడి, బెడ్‌రూమ్ వైపు పెన్సిలు గీత దాటి తడి పెరగలేదని చూశాక మిగతాది ఇవ్వండి. ఈ షరతు పని మొదలుపెట్టే ముందే చెప్పండి, పని మీద నమ్మకమున్న ప్లంబరు దానికి కాదనరు.